లైసెన్సు ఒకటి, డిస్కులు రెండు: విండోస్‌ను కొత్త హార్డ్‌డిస్కుకు మార్చుకునే విధానం

పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని వేగమైన డిస్కు) వేయించుకుందామని హనుమకొండలోనో కరీంనగర్‌లోనో కంప్యూటర్ దుకాణానికి వెళితే, బిల్లులో తరచుగా రెండు పద్దులు కనిపిస్తాయి. ఒకటి డిస్కు ధర. రెండోది 'విండోస్' అని రాసిన నాలుగైదు వందలు. అదెందుకని అడిగితే 'కొత్త డిస్కు కదా సార్, విండోస్ కూడా కొత్తగా వేయాలి' అంటారు. వేయాలన్న మాట నిజమే. కొనాలన్నది మాత్రం నిజం కాదు. ఆ నాలుగైదు వందలకు అసలు లైసెన్సు రాదు కూడా. అది పనిచేసినందుకు కూలీ అయితే న్యాయమే, ఇచ్చేయండి. అలా కాకుండా, అసలు లైసెన్సు లేకుండానే ఉన్నట్టు విండోస్‌ను నమ్మించే దొంగ యాక్టివేటర్‌కు పెట్టిన ధర అయితే, మీ దగ్గర అప్పటికే ఉన్న అసలు లైసెన్సును పక్కకు నెట్టి నకిలీ అంటించుకోవడానికి మీరే డబ్బు కట్టినట్టు.

ఒకే విండోస్ లైసెన్సుతో డిస్కు మార్చుకోవడం, పాత డిస్కును పక్కనే ఉంచుకోవడం, అత్యవసరానికి ఇంకో డిస్కు సిద్ధం చేసి పెట్టుకోవడం: ఈ మూడూ ఇంట్లో కూర్చుని చేసుకోదగ్గ పనులే. స్క్రూడ్రైవర్ పట్టగలిగి, ఒక పూట ఓపిక ఉంటే చాలు.

లైసెన్సు డిస్కుది కాదు

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. 2015 జులైలో విండోస్ 10 వచ్చినప్పటి నుంచి చాలా కంప్యూటర్లలో ఉండేది డిజిటల్ లైసెన్సు. విండోస్ మొదటిసారి యాక్టివేట్ అయినప్పుడు మీ కంప్యూటర్ భాగాల వివరాలతో ఒక గుర్తింపు తయారై మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదవుతుంది. ఆ గుర్తింపులో సింహభాగం మదర్‌బోర్డుదే, అంటే భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డుదే. డిస్కు పాత్ర అందులో నామమాత్రం. పంట మార్చినంత మాత్రాన పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరు మారదు కదా, అలాగే డిస్కు మార్చినంత మాత్రాన లైసెన్సు పోదు. మదర్‌బోర్డు మారితేనే చిక్కు.

బ్రాండెడ్ లాప్‌టాప్‌లలో ఇంకో సౌలభ్యం ఉంది. 2012లో విండోస్ 8 వచ్చిన నాటి నుంచి విండోస్‌తో అమ్మే లాప్‌టాప్‌లలో ప్రొడక్ట్ కీని తయారీ సంస్థలు మదర్‌బోర్డు మీద ఉండే, కంప్యూటర్‌ను లేపే బయోస్ చిప్‌లోనే రాసి పెడుతున్నాయి. అంతకు ముందు లాప్‌టాప్ అడుగున అంటించిన కాగితం మీద 25 అక్షరాల కీ ఉండేది. చెమటకు, దుమ్ముకు అది చెరిగిపోతే చదవడం కూడా కష్టమయ్యేది. ఇప్పుడు ఇన్‌స్టల్ చేసేటప్పుడు విండోస్ తానే ఆ చిప్‌లోని కీని చదువుకుని, హోమ్ ఎడిషన్ అయితే హోమ్, ప్రో ఎడిషన్ అయితే ప్రో ఎంచుకుంటుంది. డిస్కు ఖాళీదైనా, కొత్తదైనా దానికి పట్టింపు లేదు.

మీ దగ్గరున్నది ఏ రకం?

పని మొదలుపెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, అందులో యాక్టివేషన్ చూడండి. విండోస్ 10లో అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందని అక్కడ రాసి ఉంటే సగం పని అయిపోయినట్టే. ఎడిషన్ హోమా, ప్రోనా అన్నది కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎదురయ్యే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఎడిషన్ తేడా వల్ల వచ్చేవే.

ఇంకొంచెం లోతుగా చూడాలంటే విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కండి. వచ్చే చిన్న పెట్టెలో ఇంగ్లిషు అక్షరాల్లో ఎస్-ఎల్-ఎం-జీ-ఆర్ అని కలిపి టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, కుడివైపు వాలిన గీత పెట్టి, వెంటనే ఎక్స్-పీ-ఆర్ అని రాసి ఎంటర్ కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే మంచిది. దానికి బదులు గడువు తేదీ ఒకటి కనిపించిందంటే అది సంస్థలకు ఇచ్చే వాల్యూమ్ లైసెన్సు పద్ధతి. కంపెనీల్లో, విశ్వవిద్యాలయాల్లో లోపలి సర్వర్‌ను పలకరిస్తూ 180 రోజుల గడువును ఎప్పటికప్పుడు పొడిగించుకునే ఏర్పాటు అది. ఉద్యోగం తరఫున ఇచ్చిన లాప్‌టాప్‌లో అలా కనిపించడం సహజం. దాని డిస్కు జోలికి మీరు వెళ్లవద్దు, మీ ఐటీ విభాగానికి చెప్పండి. ఇంట్లో కొనుక్కున్న లాప్‌టాప్‌లో అలా కనిపిస్తే మాత్రం ఎవరో యాక్టివేటర్ వాడారని దాదాపుగా అర్థం.

ఎక్స్-పీ-ఆర్ స్థానంలో డీ-ఎల్-ఐ అని రాస్తే లైసెన్సు ఏ దారిలో వచ్చిందో కనిపిస్తుంది. ఓఈఎం అని ఉంటే కంప్యూటర్‌తో పాటు వచ్చినది, ఆ కంప్యూటర్‌తోనే పోతుంది. రిటైల్ అంటే విడిగా కొన్నది. పాత కంప్యూటర్ నుంచి తీసేసి కొత్త కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. విండోస్ 7 లేదా 8 నుంచి ఉచితంగా 10కి మారిన కంప్యూటర్లలో కూడా చాలాసార్లు రిటైల్ అనే చూపిస్తుంది. అది చూసి వేరే కంప్యూటర్‌కు మార్చుకునే హక్కు ఉందనుకోవద్దు. బిల్లు, పెట్టె, లేదా కొన్నప్పుడు వచ్చిన ఈమెయిల్ మీ దగ్గర ఉంటేనే దాన్ని రిటైల్‌గా లెక్కేయండి.

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నవారికి ఒక మాట. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన వ్యాపార మోడళ్లలో బయోస్‌లో తరచుగా ప్రో కీ ఉంటుంది. పైన ఏదో నకిలీ వేసి అమ్మినా, అడుగున అసలుది అలాగే ఉండవచ్చు. శుభ్రంగా ఇన్‌స్టల్ చేసినప్పుడు అది బయటపడుతుంది.

ఒప్పందంలో ఏముంది?

యాక్టివేట్ అవడం వేరు, అనుమతి ఉండడం వేరు. మైక్రోసాఫ్ట్ లైసెన్సు ఒప్పందం ప్రకారం ఒక లైసెన్సుతో ఒక పరికరం మీద విండోస్ ఒక్క ప్రతినే ఇన్‌స్టల్ చేసి నడపాలి, అది కూడా ఒకసారికి ఒక్కరే వాడాలి. బ్యాకప్ కోసం ఒక నకలు ఉంచుకోవచ్చు. దీన్ని మన సందర్భాలకు అన్వయిస్తే ఇలా ఉంటుంది.

పాత డిస్కు తీసి కొత్తది వేస్తే ఇబ్బందే లేదు. కొత్త డిస్కులో విండోస్ వేసి, పాత డిస్కులోని విండోస్ తుడిచేసి, దాన్ని ఫొటోలకు, ఫైళ్లకు వాడుకుంటే అదీ సరైనదే. డిస్కును యథాతథంగా నకలు తీసి బీరువాలో పెట్టుకుంటే అది బ్యాకప్ కిందికి వస్తుంది. ఒకే కంప్యూటర్‌లో రెండు డిస్కుల మీద రెండు విండోస్‌లు పెట్టుకుని ఒకరోజు ఇది, ఒకరోజు అది వాడితే? ఎడిషన్ ఒకటే అయితే రెండూ యాక్టివేట్ అవుతాయి, ఎందుకంటే మదర్‌బోర్డు ఒకటే. ఒప్పందం అక్షరాలా చదివితే మాత్రం రెండో ప్రతికి రెండో లైసెన్సు కావాలి. ఇంట్లో నాన్న లెక్కలకు ఒకటి, పిల్లల చదువుకు ఒకటి అని ఇలా చేస్తుంటారు. దానికి రెండు విండోస్‌లు ఎందుకో నాకు అర్థం కాదు. ఒకే విండోస్‌లో పాస్‌వర్డులతో రెండు యూజర్ ఖాతాలు పెడితే సరిపోతుంది.

ఇక డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌లో బిగిస్తే, విండోస్ లేచినా లేవవచ్చు, లైసెన్సు మాత్రం దానంతట అది వెంట రాదు. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే మరో కంప్యూటర్‌లో, వేసే విండోస్‌ను కూడా ఒప్పందం వేరే పరికరంగానే లెక్కేస్తుంది.

డిస్కు తీసే ముందు చేయాల్సినవి

మొదటిది, లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడివేయడం. 2016 ఆగస్టులో వచ్చిన అప్‌డేట్ నుంచి ఈ వీలుంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో ఉండి, సెట్టింగ్స్‌లోని అకౌంట్స్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి. తిరిగి యాక్టివేషన్ పేజీకి వస్తే లైసెన్సు ఖాతాతో అనుసంధానమైందన్న మాట కనిపించాలి. డిస్కు మార్పుకు ఇది తప్పనిసరి కాదు గానీ, రేపు మదర్‌బోర్డు మారినప్పుడు ఆదుకునేది ఇదే. దుకాణం కుర్రాడి ఈమెయిల్‌తో తెరిచిన ఖాతా అయితే ఈ రోజే మార్చేయండి.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). దీన్ని దాటవేసినవాళ్లే ఎక్కువగా ఏడుస్తారు. ఈమధ్య వచ్చే లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేసరికి డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. మీకు ఎవరూ చెప్పరు. ఆ డిస్కును తీసి యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించిన రోజున 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే పెళ్లి ఫొటోలైనా, ఐదేళ్ల లెక్కలైనా తాళం లోపలే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ చూడండి. ఆన్‌లో ఉంటే ముందుగా ఆ 48 అంకెలు మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో వెతికి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, పూర్తిగా విప్పుకునే వరకు ఆగండి. పెద్ద డిస్కుకు గంటలు పట్టవచ్చు. వరంగల్ ఎండల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి లాప్‌టాప్ ఛార్జింగ్ నిండుగా ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద నడపండి.

మూడోది, విండోస్ కాని లైసెన్సులు. విండోస్ ఒక్కటే మదర్‌బోర్డును చూసి సరిపెట్టుకుంటుంది, మిగతా సాఫ్ట్‌వేర్లు అంత ఉదారంగా ఉండవు. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి లెక్కలు రాసేవారి కంప్యూటర్‌లోనైనా, మట్టెవాడలో బట్టల దుకాణంలోనైనా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉండనే ఉంటుంది. కొత్తగా ఇన్‌స్టల్ చేయబోతుంటే పాత డిస్కు పనిచేస్తుండగానే ట్యాలీలో లైసెన్సు సరెండర్ చేసి, కొత్త డిస్కులో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. డేటా ఫోల్డర్‌ను విడిగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. వర్డ్, ఎక్సెల్ ఉండే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపడి ఉందో లేదో చూసుకోండి. డిజిటల్ సంతకం టోకెన్‌కు ఏమీ కాదు, దాని డ్రైవర్ మళ్లీ వేసుకోవాలి, అంతే.

సమయం గురించి కూడా ఒక మాట. మార్చి నెలాఖరు లెక్కల హడావిడిలో ఈ పని పెట్టుకోవద్దు. ఎనుమాముల వైపు వారికి ఆ నెలల్లోనే మిర్చి సీజను జోరుగా ఉంటుంది. సీపీయూ డబ్బా తెరిస్తే ఫ్యాను రెక్కల మధ్య ఎర్రటి పొడి పేరుకుని ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బ్రష్‌తో నెమ్మదిగా దులిపి, ఆ తర్వాతే లోపల చేయి పెట్టండి.

ఏ డిస్కు కొనాలి?

పాత లాప్‌టాప్‌లో, డెస్క్‌టాప్‌లో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ చక్కగా పనిచేస్తుంది. కొత్త వాటిలో చూయింగ్ గమ్ పట్టీ అంత ఉండే ఎం.2 స్లాటు ఉంటుంది. అది ఎన్‌వీఎంఈ పద్ధతి డిస్కుకా, సాటా పద్ధతి డిస్కుకా అన్నది మోడల్ వివరాల్లో చూసుకోకుండా కొనవద్దు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని బదులు ఒకటి అన్నిచోట్లా పనిచేయవు. పరిమాణం 256 జీబీకి తగ్గకుండా, వీలైతే 500 చుట్టుపక్కల తీసుకోండి.

క్లోనింగా, కొత్త ఇన్‌స్టలేషనా?

డిస్కులో ఉన్నదంతా యథాతథంగా కొత్తదాంట్లోకి దింపడం క్లోనింగ్. ఖాళీ డిస్కులో మొదటి నుంచి విండోస్ వేయడం రెండో మార్గం. మీసేవ కేంద్రంలోనో, జిరాక్సు సెంటర్‌లోనో వాడే కంప్యూటర్ అయితే నేను క్లోనింగ్ వైపే మొగ్గుతాను. వేలిముద్రల పరికరం, స్కానర్, రెండు రకాల ప్రింటర్లు, టోకెన్లు: వీటి డ్రైవర్లన్నీ మళ్లీ వెతికి వేసేసరికి ఒక రోజు పోతుంది, బయట జనం నిలబడి ఉంటారు. ఇంటి లాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే, నకిలీ యాక్టివేటర్ ఉందన్న అనుమానం ఉంటే మాత్రం కొత్తగా వేయడమే సరి. క్లోన్ చేస్తే ఆ చెత్తంతా కొత్త ఇంటికి మోసుకెళ్లినట్టే.

క్లోన్ చేయడం

చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలు తమ డిస్కు కొన్నవారికి క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తాయి. మొదట మీ డిస్కు కంపెనీ వెబ్‌సైట్ చూడండి. లేకపోతే క్లోనెజిల్లా ఉంది. ఉచితం, నమ్మకమైనది, కాకపోతే తెర మీద బొమ్మలుండవు, అక్షరాలే. ఇంకో పరిమితి: కొత్త డిస్కు పాతదాని కంటే చిన్నదైతే క్లోనెజిల్లా మామూలుగా ఒప్పుకోదు. 1 టీబీ హార్డ్‌డిస్కు నుంచి 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి మారేవారికి కంపెనీ సాఫ్ట్‌వేరే సులువు. అందులో నిండిన భాగం కొత్త డిస్కులో పడితే చాలు.

యూఎస్‌బీ నుంచి సాటాకు మార్చే కేబుల్‌తోనో, ఎం.2 అయితే దాని డబ్బాతోనో కొత్త డిస్కును తగిలించండి. సాఫ్ట్‌వేర్‌లో మూలం ఏది, గమ్యం ఏది అన్నది పేరు, పరిమాణం రెండూ చూసి ఎంచుకోండి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. సీ డ్రైవ్ ఒక్కటే కాకుండా మొత్తం డిస్కును ఎంచుకోవాలి. విండోస్ డిస్కు మొదట్లో సాధారణంగా 100 ఎంబీ ఉండే ఈఎఫ్ఐ విభాగం ఉంటుంది, కంప్యూటర్ లేచేది దానితోనే. అది రాకపోతే కొత్త డిస్కు లేవదు. మధ్యలో కరెంటు పోయినా పాత డిస్కును చదవడమే తప్ప రాయడం ఉండదు కాబట్టి కంగారు వద్దు, మళ్లీ మొదలుపెట్టండి.

అయ్యాక కంప్యూటర్ ఆపి, పాత డిస్కు ఊడదీసి, కొత్తది ఒక్కటే బిగించి ఆన్ చేయండి. ఇది ముఖ్యం. క్లోన్ అయిన రెండు డిస్కులకు గుర్తింపు సంఖ్య కూడా ఒకటే ఉంటుంది. రెండూ ఒకేసారి తగిలిస్తే విండోస్ తికమకపడి ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. మొదటిసారి కొత్తది ఒంటరిగా లేవనివ్వండి. యాక్టివేషన్ పేజీ చూడండి. మదర్‌బోర్డు అదే కాబట్టి ఏమీ చేయకుండానే యాక్టివేట్ అయి ఉండాలి.

కొత్తగా ఇన్‌స్టల్ చేయడం

కనీసం 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్, ఇంటర్నెట్ ఉన్న ఏదైనా కంప్యూటర్ కావాలి. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించుకోండి. ఎవరో పంపిన లింకు నుంచో, దుకాణం పెన్‌డ్రైవ్ నుంచో వద్దు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, కంప్యూటర్‌కు అర్హత ఉంటే 11 వేయడమే మంచిది. అదే ఎడిషన్ అయితే 10 లైసెన్సుతోనే 11 యాక్టివేట్ అవుతుంది. ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైతే, లేదా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేకపోతే అధికారికంగా 11 రాదు. విండోస్ 7 నాటి కీతో 10 గానీ 11 గానీ కొత్తగా యాక్టివేట్ చేసే దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. అంతకు ముందే మారి డిజిటల్ లైసెన్సు పొందిన కంప్యూటర్లకు ఢోకా లేదు.

ఇన్‌స్టల్ చేసేటప్పుడు కంప్యూటర్‌లో కొత్త డిస్కు ఒక్కటే ఉండాలి. రెండో డిస్కు కేబుల్ పీకేయండి. పాత డిస్కులో ఇప్పటికే ఈఎఫ్ఐ విభాగం ఉంటే, ఇన్‌స్టలర్ విండోస్‌ను కొత్త డిస్కులో వేసి, లేపే ఫైళ్లను మాత్రం పాతదాంట్లో పెట్టవచ్చు. అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆరు నెలల తర్వాత పాత డిస్కు తీసిన రోజున కంప్యూటర్ లేవదు, ఎందుకు లేవదో ఎవరికీ అర్థం కాదు.

కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కండి. హెచ్‌పీలో ఎఫ్9, డెల్, లెనోవోలలో ఎఫ్12. కీ అడిగితే, ప్రొడక్ట్ కీ లేదన్న ఎంపిక నొక్కి ముందుకు వెళ్లండి. ఎడిషన్ అడిగితే కాగితం మీద రాసుకున్నదే ఎంచుకోండి. కొన్ని లాప్‌టాప్‌లలో, ముఖ్యంగా ఇంటెల్ పదకొండో తరం, ఆ తర్వాతి వాటిలో, డిస్కుల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. డిస్కు చెడిపోయిందని దుకాణానికి పరుగెత్తకండి. వీఎండీ అనే ఇంటెల్ ఏర్పాటుకు డ్రైవర్ లేకపోవడమే కారణం. లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది.

విండోస్ లేచాక ఇంటర్నెట్ ఇచ్చి, మీ పాత మైక్రోసాఫ్ట్ ఖాతాతోనే లాగిన్ అవ్వండి. కాసేపట్లో యాక్టివేట్ అవుతుంది.

యాక్టివేషన్ మొండికేస్తే

ముందు ఎడిషన్ చూడండి. కథ చాలావరకు ఇలా ఉంటుంది: లాప్‌టాప్ హోమ్‌తో వచ్చింది, ఎప్పుడో ఎవరో ప్రో వేసి యాక్టివేటర్ నడిపారు, మీరు ప్రోనే మీదనుకుని ప్రో వేశారు. కంప్యూటర్ గుర్తింపు దగ్గర హోమ్ లైసెన్సే ఉంది కాబట్టి ప్రో యాక్టివేట్ కాదు. హోమ్ వేసి చూడండి, ఏమీ అడగకుండా యాక్టివేట్ అయితే అసలు లైసెన్సు దొరికినట్టే.

యాక్టివేషన్ పేజీలో వచ్చే ఎర్రర్ కోడ్ చివరి అక్షరాలు, అంకెలు చూస్తే కారణం తెలుస్తుంది. ఎఫ్211తో ముగిస్తే హార్డ్‌వేర్ మారిందని ఫిర్యాదు. మదర్‌బోర్డు మార్చినవారికి వచ్చేది ఇదే. అదే పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కి, ఈమధ్యే హార్డ్‌వేర్ మార్చానని చెప్పే లింకు ఎంచుకుని, ఖాతాతో లాగిన్ అయి, జాబితాలో మీ కంప్యూటర్ పేరు చూపించాలి. ముందుగా లైసెన్సును ఖాతాకు ముడివేయమన్నది ఇందుకే. ఎఫ్213, 7001 వచ్చాయంటే ఈ కంప్యూటర్‌కు లైసెన్సు కనబడలేదని అర్థం. సీ008 వస్తే ఆ కీని అప్పటికే వేరేచోట వాడారు, లేదా దాని పరిమితి అయిపోయింది. ఇంటర్నెట్‌లో చౌకగా కొన్న కీలకు పట్టే గతి తరచుగా ఇదే. వారంటీలో మదర్‌బోర్డు మార్పించుకుంటే, కొత్త బోర్డులో విండోస్ కీ రాశారా అని సర్వీస్ సెంటర్‌లోనే అడిగి, అక్కడే ఆన్ చేసి చూసుకుని రండి.

రెండు డిస్కులూ లోపలే ఉంచుకుంటే

రెండోదాంట్లో మీ ఫైళ్లే ఉంటే చెప్పేదేమీ లేదు. రెండోదాంట్లో ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలనుకుంటే, నా సలహా లినక్స్. ఉబుంటు, మింట్ లాంటివాటికి లైసెన్సు గొడవే లేదు, ఎన్ని డిస్కుల్లో వేసుకున్నా ఎవరూ అడగరు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే ఇంజినీరింగ్ పిల్లలకు అది ఎలాగూ కావాల్సిందే. దాన్ని కూడా విండోస్ డిస్కు తీసేసి వేయండి, తర్వాత రెండూ తగిలించి, ఏది కావాలంటే అది బూట్ మెనూలో ఎంచుకోండి.

రెండు జాగ్రత్తలు చాలు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో రెండో సిస్టమ్ నుంచి విండోస్ డిస్కులో ఏదైనా రాస్తే ఫైళ్లు చెడతాయి. రెండోది గడియారం. లినక్స్ కంప్యూటర్ గడియారాన్ని అంతర్జాతీయ కాలమానంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన కాలమానం అనుకుంటుంది. దాంతో లినక్స్ నుంచి విండోస్‌కు వచ్చేసరికి పొద్దున పది గంటలు కాస్తా తెల్లవారుజాము 4:30 అయి కూర్చుంటుంది. సరిగ్గా ఐదున్నర గంటల తేడా కనిపిస్తే బ్యాటరీ సెల్ మార్చనక్కర్లేదు. లినక్స్‌లో గడియారాన్ని స్థానిక కాలానికి మార్చే సెట్టింగ్ ఒక్కటి సరిచేస్తే చాలు.

పాత డిస్కును ఏం చేయాలి?

నెల రోజులు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఏ ఫైలు మరిచిపోయారో ఆ నెలలో బయటపడుతుంది. ఆ తర్వాత అదే కంప్యూటర్‌లో రెండో డిస్కుగా వాడుకోదలిస్తే, దాన్ని తగిలించి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత విభాగాలు తొలగించి, కొత్తగా ఫార్మాట్ చేసుకోండి. తీసే విభాగం ఏ డిస్కుదో రెండుసార్లు చూడండి.

అమ్మదలిస్తే మామూలు ఫార్మాట్ చాలదు. క్విక్ ఫార్మాట్ చేసిన హార్డ్‌డిస్కులోంచి ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే బయటికి లాగవచ్చు. ఫార్మాట్ పెట్టెలో క్విక్ అన్నచోట టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి, అది డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఎస్‌ఎస్‌డీ అయితే దాని కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడండి. ఇక తిరగని, శబ్దం చేసే డిస్కును పాత సామాన్ల బండికి అలాగే వేయవద్దు. మూత స్క్రూలు విప్పి, లోపలి పళ్లేలకు మేకుతో రంధ్రాలు పొడిచి ఇవ్వండి. కొన్ని డిస్కుల్లో పళ్లేలు గాజువి, పగిలి ఎగురుతాయి, కళ్లజోడు పెట్టుకోండి.